గ్యారేజీలో కారుకు చోటు

రాజమండ్రి

చి.ల.సౌ. బుజ్జికి నాన్న ఆశీస్సులు.

మొన్న వీడియో కాల్‌లో నువ్వు కారు బానెట్ చూపించినప్పుడు నేనేమీ అనలేదు. వడగళ్ళు పడి అది వామనగుంటల పీటలా తయారైంది. డాలస్ వైపు వేసవి ముందు ఏటా ఈ భయం ఉంటుందని నాకు చెప్పింది నువ్వే. కారు బయట నిలబడి దెబ్బలు తింటుంటే, అట్టపెట్టెలు మాత్రం గ్యారేజీలో చల్లగా కూర్చున్నాయి. ఫోన్లో చెబితే "సరే నాన్నా, చూస్తాం" అంటావు. అందుకే కాగితం తీసుకున్నాను.

నిరుడు నేనొచ్చినప్పుడు మీ గ్యారేజీలో మొదట విప్పిన పెట్టె గుర్తుందా? అపార్ట్‌మెంట్ ఖాళీ చేసేటప్పుడు కట్టింది, టేపు కూడా కోయలేదు. దాని అడుగున రెండు కుక్కర్ గాస్కెట్లు. వారం తర్వాత పనిముట్ల డబ్బాలో ఇంకోటి. నాలుగోది చిన్నోడి పాత సైకిల్ హ్యాండిల్‌కి వేలాడుతోంది, ఎవరు తగిలించారో ఆ దేవుడికే తెలియాలి. నాలుగూ మేం పంపినవే. "గాస్కెట్ పోయింది, వచ్చేవాళ్ళతో పంపించు నాన్నా" అని నువ్వు అడిగిన ప్రతిసారీ నేను మెయిన్ రోడ్డుకి వెళ్ళి కొన్నవే.

బస్సు డిపో స్టోర్స్‌లో ముప్పై ఏళ్ళు పనిచేసినవాణ్ణి, నాకిది కొత్త కాదు. ఒకసారి ఫ్యాన్ బెల్టు లేక ఒక బస్సు రెండు రోజులు షెడ్డులో ఉండిపోయింది. బిన్ కార్డులో, అంటే సరుకు అరకి తగిలించే లెక్క చీటీలో, బ్యాలెన్స్ మూడు. అర చూస్తే ఖాళీ. మూడో రోజు రేడియేటర్ గొట్టాల వెనక దొరికాయి. పెట్టింది నేనే. సాయంత్రం ఇంటికెళ్ళే తొందరలో, ఖాళీగా కనిపించిన అరలోకి తోసేశాను. మేనేజరు ఏమీ అనలేదు, ఒక చూపు చూసి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది. దొరకని సరుకు లేనట్టే, పైగా చోటు తింటుంది అన్నది ఆ రోజు నాకు ఒంటబట్టింది.

అల్లుడు గారు ఏమీ అనుకోనంటే ఒక మాట. మీరు రాకులు, అదే సామాను పెట్టే అరల స్టాండ్లు, ముందే కొనేశారు. అంతకుముందు నేల మీద పరుచుకుని ఉన్న సామాను ఇప్పుడు నిలువుగా నిలబడింది, అంతే తేడా. ముందు బయటికి తీయాలి. ఒక శనివారం పొద్దున్నే ఎండ ఎక్కకముందు ఒక గోడ వైపు సామానంతా డ్రైవ్‌వేలో పెట్టండి. రెండో గోడ వచ్చే శనివారం. మొత్తం ఒకేసారి తీస్తే సాయంత్రానికి నడుములు పడిపోయి, ఎలా ఉన్నది అలాగే లోపలికి తోసేస్తారు.

తీసినదాన్ని మూడు కుప్పలు చెయ్యి. తరచూ వాడేవి, ఏడాదికోసారి వాడేవి, రెండేళ్ళుగా ముట్టనివి. ఈ మూడోదాన్ని మేం నాన్ మూవింగ్ అనేవాళ్ళం. దాన్ని స్క్రాప్ కింద రాయాలంటే స్టోర్ కీపర్ ఒక్కడి సంతకం చాలదు, కమిటీ కూర్చోవాలి. అందులో తెలివి ఉంది. నువ్వొక్కదానివే కూర్చుంటే ఏదీ పారేయలేవు. అల్లుడు గారొక్కరే కూర్చుంటే నీ వీణ కూడా పోతుంది. చిన్నోణ్ణి మూడో మెంబరుగా వేసుకోండి, వాడికి ఏ వస్తువు మీదా మొహమాటం ఉండదు.

గోడల సంగతి నాకు అక్కడికొచ్చాకే తెలిసింది. మన గోడకి మేకు కొడితే ఇటుకలో దిగుతుంది, లేదా మేకే వంగుతుంది. మీ గోడని వేలితో తడితే డప్పులా మోగింది. పైన షీట్‌రాక్ అనే అరంగుళం జిప్సం పలక, వెనక గాలి. బరువు మోసేది లోపలుండే చెక్క నిలువులే. మీ ఇంట్లో అవి 16 అంగుళాలకొకటి ఉన్నాయి. వాటిని టూ బై ఫోర్ అంటారు గానీ టేపు పెట్టి కొలిస్తే ఒకటిన్నర, మూడున్నర అంగుళాలే (తూకంలో తగ్గించడం మన కొట్లలోనే అనుకున్నాను). ఫ్రిజ్‌కి అంటించే అయస్కాంతం తీసుకుని గోడ మీద మెల్లగా జరుపుకుంటూ పో. షీట్‌రాక్‌ని బిగించిన స్క్రూ దగ్గర టక్కున అంటుకుంటుంది, దాని వెనకే చెక్క. అక్కడ పెన్సిల్ గీత పెట్టి, అక్కణ్ణుంచి కొలుచుకుంటూ వెళ్ళు. నిచ్చెన, సైకిళ్ళు, గడ్డి కత్తిరించే మెషిన్ హ్యాండిల్ ఆ చెక్కకే వేలాడాలి. ఉత్త షీట్‌రాక్‌కి కొక్కెం వేస్తే, సైకిల్‌తో పాటు గోడ ముక్క కూడా చేతికొస్తుంది.

నేలకి మాత్రం డ్రిల్లు పెట్టనివ్వకు. రాకు కాళ్ళు నేలకి బిగిద్దామని నేను తయారైతే, తలుపు దగ్గర సిమెంటులో అచ్చు వేసిన అక్షరాలు చూపించి అల్లుడు గారే ఆపారు. ఆ నేల కాంక్రీటు పలకలో ఉక్కు కేబుళ్ళు లాగి బిగించి ఉంటాయట, అది తెగితే పెద్ద ప్రమాదమట. తలుపు పైనున్న స్ప్రింగు కూడా అలాంటిదే, దాని జోలికి పోవద్దు.

పైకప్పుకి రాకు వేయిస్తే ఏడాదికోసారి దించేవి అక్కడికి వెళ్ళాలి. పాలవెల్లి, బొమ్మల కొలువు మెట్లు, క్రిస్మస్ లైట్లు, ఖాళీ సూట్‌కేసులు. గ్రైండరు, డంబెల్సు కింద అరలోనే. తలుపు పైకెక్కే పట్టాలకి ఏదీ తగలకూడదు. తలుపు పక్కన, నేలకి జానెడు లోపు ఎత్తులో ఉండే ఆ చిన్న సెన్సర్ కన్నుకి కూడా ఏదీ అడ్డం పెట్టకు. నేనోసారి చీపురు ఆనించాను, తలుపు సగం దిగి మళ్ళీ పైకి వెళ్ళిపోయింది. పాడు చేశానని నువ్వు ఆఫీసు నుంచి వచ్చేదాకా ఒకటే టెన్షన్. మనిషి ఇరుక్కోకుండా ఏదో ఒక రక్షణ ఉండాలని 1993 నుంచి అక్కడ రూలుందని నువ్వు నవ్వుతూ చెప్పావు.

ఇక ఎండ. జులైలో మీ గ్యారేజీలో నిలబడితే మన రోహిణి కార్తె గుర్తొచ్చింది. నేను తెచ్చిన హారతి కర్పూరం ఆగస్టుకల్లా సగం గాలిలో కలిసిపోయింది. బియ్యం బస్తా, మందులు, పెయింటు డబ్బాలు అక్కడ ఉండకూడదు. ఫొటోలు అసలే వద్దు. మీ పెళ్ళి ఆల్బమ్ ఆ అట్టపెట్టెల్లో బయటపడినప్పుడు మీ అమ్మ ముఖం నువ్వు చూడలేదు, నేను చూశాను. అట్టపెట్టెలు కూడా తీసెయ్. బొద్దింకలకి, వెండి పురుగులకి అంతకన్నా మంచి ఇల్లు లేదు. మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలు, అన్నీ ఒకే సైజువి కొను, అప్పుడు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి.

గ్రిల్ సిలిండరు నేను పెరట్లో పెట్టి వచ్చాను. మొన్న వీడియోలో వాటర్ హీటరు పక్కన కనబడింది. ఆ గ్యాసు గాలికన్నా బరువు, లీకైతే నేలబారునే పాకుతుంది. వాటర్ హీటర్లో మంట వెలుగుతుంటుంది. ఈ ఉత్తరం చదవడం ఆపి ముందు దాన్ని బయట పెట్టి రా.

డబ్బాలన్నిటికీ బిన్ కార్డు ఉండాలి. పోస్టుకార్డు సగం ముక్క చాలు. లోపల ఏమున్నాయి, ఎప్పుడు పెట్టాం, ఆఖరిసారి ఎప్పుడు తీశాం. మూత మీద కాదు, పక్కన అంటించు, పేర్చాక మూతలు కనబడవు. ఆ మూడో గడి వచ్చే ఏడాది కమిటీకి పనికొస్తుంది. "వగైరా" అని రాసిన డబ్బా ఒక్కటి కూడా ఉండకూడదు. మీ ఇంట్లో అలాంటివి ఆరు లెక్కపెట్టాను.

మన అటక సంగతి నువ్వు ఎత్తొద్దు. అది మీ అమ్మ శాఖ.

అల్లుడు గారికి ఆశీస్సులు, చిన్నోడికి ముద్దులు.

మీ నాన్న

తా.క. మీ అమ్మ కుక్కర్ గాస్కెట్ సాగిపోయింది. కొత్తది ఇంట్లోనే ఎక్కడో ఉందంటోంది. పొద్దుటి నుంచి వెతికాం, దొరకలేదు. సాయంత్రం మెయిన్ రోడ్డుకి వెళ్తున్నాను, నీకేమైనా కావాలంటే చెప్పు.