కాఫీ గింజల ప్యాకెట్ మీద వేయించిన తేదీ ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లోనే ఎస్ప్రెసో, అంటే వేడినీళ్లని ఒత్తిడితో పొడిలోంచి పంపి తీసే చిక్కటి కాఫీ, చేసుకునేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. మెషీన్ కొంటారు, గ్రైండర్ కొంటారు, గ్రాములో పదో వంతు తేడా కూడా చూపించే చిన్న కాటా కొంటారు. తీరా సూపర్ మార్కెట్‌లో గింజల అర ముందు నిలబడితే, అన్నిటికంటే ముఖ్యమైన సంగతి తెలియదు. ఈ గింజలు ఎప్పుడు వేయించారు? తోట ఎంత ఎత్తున ఉందో ప్యాకెట్ మీద రాస్తారు. చాక్లెట్ రుచి, నిమ్మజాతి పండ్ల రుచి అని రాస్తారు. ఎప్పుడో వచ్చే ఏడాది గడువు తేదీ కూడా వేస్తారు. వేయించిన తేదీ మాత్రం చాలా ప్యాకెట్ల మీద కనిపించదు.

పోయిన వారం ఒక కొత్త ప్యాకెట్ కత్తిరించాను. మామూలుగా అయితే వంటిల్లంతా కమ్మటి వాసన రావాలి. ముక్కు దగ్గర పెట్టుకున్నా అట్టపెట్టె వాసనే వచ్చింది. సరేలే అని 18 గ్రాములు తూచి, రోజూ పెట్టే సెట్టింగ్‌లోనే పొడి చేసి, అదిమి, మెషీన్ ఆన్ చేశాను. 36 గ్రాముల కాఫీ దిగడానికి 25 నుంచి 30 సెకన్లు పట్టాలి. ఆ రోజు 12 సెకన్లకే దిగిపోయింది. తేనెలా సాగుతూ పడాల్సింది పల్చటి ధారగా పడింది. పైన క్రెమా, అంటే ఆ గోధుమరంగు నురగ, నేను చెంచా అందుకునేలోపే విడిపోయింది. గ్రైండర్ ఇంకాస్త సన్నగా తిప్పి మళ్లీ చేశాను. మూడోసారికి సమయం కుదిరింది, రుచి కుదరలేదు. చప్పగా ఉంది, చివర్లో నాలుక మీద ఎండు చేదు మిగిలింది. 54 గ్రాముల గింజలు సింకులో పోశాను. ఆ ప్యాకెట్ గడువుకి ఇంకా ఏడు నెలలు ఉంది.

గింజలు 200 డిగ్రీలు దాటిన వేడిలో వేగుతున్నప్పుడు లోపల కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. అందులో కొంత గింజలోనే చిక్కుకుని, ఆ తర్వాత రోజులూ వారాల తరబడి నెమ్మదిగా బయటికి పోతుంది. ఎస్ప్రెసోలో సుమారు 9 బార్ల ఒత్తిడితో వేడినీళ్లు పొడిలోంచి దూసుకొస్తాయి. అప్పుడు ఆ వాయువే నీటి జోరుకి కొంత అడ్డుపడుతుంది, క్రెమా కట్టేదీ అదే. అది పోయిన గింజల్లోంచి నీళ్లు గబగబా జారిపోతాయి. ఈలోపు గాలిలోని ఆక్సిజన్ గింజలోని నూనెల్నీ సువాసననీ పాడుచేస్తూ ఉంటుంది. మామూలు ఫిల్టర్ కాఫీలో ఈ లోపం కొంతవరకు కప్పబడిపోతుంది. ఎస్ప్రెసోలో దాగదు.

నిన్న వేయించిన గింజలు కూడా పనికిరావు. వాయువు మరీ ఎక్కువై ధార చెదురుతుంది, రుచి పులుపెక్కుతుంది. వారం రోజులు ఆగి, అక్కణ్ణుంచి నెలా నెలన్నర లోపు వాడుకుంటే బాగుంటుందని నా అనుభవం. తక్కువ వేయించిన గింజలకి ఇంకాస్త ఎక్కువ రోజులు ఆగాలి. ఎన్నాళ్లు ఆగాలో, ఎప్పటిలోగా వాడాలో లెక్క వేసుకోవాలన్నా ఆ తేదీయే కావాలి కదా!

గడువు తేదీని బట్టి వెనక్కి లెక్కేద్దామంటే కుదరదు. ఒక కంపెనీ 12 నెలలు ఇస్తుంది, ఇంకొకటి 18, మరొకటి 24. ప్యాక్ చేసిన తేదీ ఉన్నా, వేయించిన రోజే ప్యాక్ చేశారని నమ్మకం లేదు. అందుకే మేము అరలో వెనక ఉన్న ప్యాకెట్లు ముందుకి లాగి చూస్తాం, వాల్వ్, అంటే లోపలి వాయువు బయటికి పోయే చిన్న రంధ్రం, ఉన్న సంచి మెల్లగా నొక్కి వాసన చూస్తాం. నూనె మెరుస్తోందని పాతవి అనుకోవడానికీ లేదు, బాగా నల్లగా వేయిస్తే కొత్త గింజ మీదా నూనె తేలుతుంది. ఒకసారి అక్కడ సరుకు సర్దుతున్న అబ్బాయిని, "వీటిలో ఈమధ్య వేయించినవి ఏవి బాబూ?" అని అడిగాను. పాపం, నాలుగు ప్యాకెట్లు తిప్పి చూసి, "అన్నిటికీ ఎక్స్‌పైరీ చాలా ఉందండీ" అన్నాడు. అతని తప్పేముంది? దాని మీద ఉన్నదే అతను చదివాడు.

తేదీ వేస్తే పాత ప్యాకెట్లు ఎవరూ కొనరనీ, సరుకు మిగిలిపోతుందనీ వ్యాపారులు అంటారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ పాతబడ్డవాటిని ధర తగ్గించి అమ్మొచ్చు, పాలు కలిపి తాగేవాళ్లు, ఫిల్టర్‌లో వేసుకునేవాళ్లు సంతోషంగా కొంటారు. సరుకు ఒకేసారి దండిగా కాకుండా కొంచెం కొంచెంగా తెప్పించుకోవచ్చు. నైట్రోజన్ నింపి ప్యాక్ చేస్తే గింజలు ఎక్కువ కాలం నిలుస్తాయి, నిజమే. అయితే ఆ మాటా రాయండి, తేదీ కూడా వేయండి. చిన్న చిన్న రోస్టర్లు, అంటే గింజలు వేయించి అమ్మేవాళ్లు, ఎందరో రబ్బరు స్టాంపుతో ఈ పని ఎప్పటినుంచో చేస్తున్నారు. పెద్ద కంపెనీలు గడువు తేదీ కొట్టే యంత్రంతోనే పక్కన ఇంకో తేదీ కొట్టడం ఏమంత కష్టం?

ఆహార పదార్థాల లేబుళ్ల నిబంధనలు చూసే అధికారులు గింజలకీ పొడికీ వేయించిన తేదీని తప్పనిసరి చేయాలని కోరుతున్నాను. అది జరిగేలోపు సూపర్ మార్కెట్లు తమకు సరుకు పంపేవాళ్లని ఈ ఒక్క తేదీ అడగాలి. గింజల్ని పారదర్శక డబ్బాల్లో పోసి లైట్ల కింద పెట్టడం కూడా మానాలి. గాలీ వెలుతురూ తగిలితే ఎంత మంచి గింజైనా తొందరగా చప్పబడిపోతుంది. నేనైతే తేదీ లేని ప్యాకెట్ కనిపించిన ప్రతిసారీ మేనేజర్‌ని పిలిచి అడుగుతున్నాను. మీ పాఠకులు కూడా అడగాలని నా మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు