లూసియానా అమ్మకంలో హైతీ ఊసేది?

సంపాదకులకు నమస్కారం.

ఉత్తర అమెరికాలో తన చేతిలో ఉన్న లూసియానా అనే పెద్ద భూభాగాన్ని 1803లో ఫ్రాన్స్ అమెరికాకు అమ్మేసింది; పోయిన ఆదివారం అనుబంధంలో ఆ అమ్మకం మీద వ్యాసం వేశారు. వారం ఆగినా మనసు ఊరుకోక రాస్తున్నాను. ఖజానా ఖాళీ అయి ఫ్రాన్స్ పాలకుడు నెపోలియన్ అమ్మేశాడని ఒక్క ముక్కలో తేల్చేశారు. డబ్బు అవసరం నిజమే, బ్రిటన్‌తో మళ్లీ యుద్ధం ముంచుకొస్తోందన్నదీ నిజమే. మరి 1800లో రహస్య ఒప్పందం చేసుకుని స్పెయిన్ నుంచి తీసుకున్న నేలను మూడేళ్లు తిరక్కుండా ఎందుకు వదులుకున్నట్టు?

ముప్పై ఏళ్లు సోషల్ చెప్పాను. పటంలో మిసిసిపీ వెంట న్యూ ఆర్లీన్స్ దాకా వచ్చి, అక్కడి నుంచి ఆగ్నేయంగా సముద్రంలో ఉన్న దీవి మీద పిల్లల చేత వేలు పెట్టించేవాణ్ణి. ఆ దీవి పడమటి భాగమే ఇప్పటి హైతీ. ఫ్రాన్స్‌కు చక్కెర, కాఫీ కురిపించిన వలసరాజ్యం. ఆ తోటలకు తిండిగింజలు, కలప పంపే నేలగా లూసియానాను వాడుకోవాలన్నది నెపోలియన్ ఆలోచన. తోటల్లో బానిసలు 1791లోనే తిరగబడ్డారు. వాళ్లను అణచడానికి నెపోలియన్ పంపిన తన చెల్లెలి భర్త, సేనాని లెక్లెర్క్ 1802 నవంబరులో పచ్చజ్వరంతో పోయాడు. సైన్యంలో వేల మంది అదే జ్వరానికి, తిరుగుబాటుదారుల చేతుల్లో చచ్చారు. చక్కెర దీవే చేజారిపోతుంటే దాని గాదె ఎవరికి కావాలి?

బానిసల నాయకుడు టూసాన్ లూవెర్చూర్ ఫ్రాన్స్ కోటలో ఖైదీగా 1803 ఏప్రిల్ 7న కన్నుమూశాడు. సరిగ్గా నాలుగు రోజులకు, న్యూ ఆర్లీన్స్ ఒక్కటీ అడుగుతున్న అమెరికా రాయబారిని 'మొత్తం తీసుకుంటే ఎంతిస్తారు' అని ఫ్రాన్స్ మంత్రి టాలీరాండ్ అడిగాడు. అలా సుమారు 21 లక్షల చదరపు కిలోమీటర్లు కోటిన్నర డాలర్లకు పోయాయి. తరతరాలుగా అక్కడున్న ఆదివాసులను అడిగినవాడు లేడు.

మీ వ్యాసంలో హైతీ, లెక్లెర్క్, టూసాన్ పేర్లలో ఒక్కటీ లేదు. మా మనవరాలి కోచింగ్ మెటీరియల్‌లోనూ 'ఆర్థిక ఇబ్బందులు' అని ఒకటే లైను, కింద ఎర్ర గీత. హైతీ గురించి చెప్పబోతే 'అది రాస్తే మార్కు పోతుంది తాతయ్యా' అంది. కీ తయారుచేసేవాళ్లు చదవరు, పత్రికలు సరిచూడవు. పిల్లలు ఇంకెక్కడ నేర్చుకోవాలి?

లూసియానాకు కుదిరిన ధర 8 కోట్ల ఫ్రాంకులు. స్వాతంత్ర్యం తెచ్చుకున్నందుకు హైతీ 15 కోట్ల ఫ్రాంకులు కట్టాలని 1825లో ఇదే ఫ్రాన్స్ యుద్ధనౌకలు పంపి మెడలు వంచింది. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి, పటంతో సహా వచ్చే ఆదివారం అదే పేజీలో సవరణ వేయండి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి