బంతి ఉంది, పార ఏదీ?

సంపాదకులు గారికి,
నమస్కారం.

క్రిస్మస్ దగ్గరపడేసరికి 1914 నాటి క్రిస్మస్ సంధి కథ ఏటా మన పత్రికల్లో, టీవీల్లో ఏదో ఒక రూపంలో కనిపిస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో పరస్పరం కాల్చుకుంటున్న బ్రిటిష్, జర్మన్ సైనికులు పండుగ రోజున కందకాలు దాటి వచ్చి కలిసి ఫుట్‌బాల్ ఆడారన్నది ఆ కథ సారాంశం. ఈ కథ చెప్పుకోవడం మీద నాకు అభ్యంతరం లేదు. అయితే 2039లో ఆ ఘటనకు 125 ఏళ్లు నిండుతాయి కనుక, స్మారక కార్యక్రమాలను తలపెట్టేవారు అసలు దేన్ని స్మరించాలో ముందుగా తేల్చుకుంటే బాగుంటుందని చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషిగా నా మనవి. అప్పుడే తొందరేమిటని కొందరికి అనిపించవచ్చు గాని, యుద్ధ శతాబ్ది కార్యక్రమాల ప్రణాళికను బ్రిటన్ ప్రధాని 2012 అక్టోబరులోనే ప్రకటించారు. ఇటువంటివాటి రూపురేఖలు చాలా ముందుగానే ఖాయమైపోతాయి.

ఆ డిసెంబరులో బెల్జియం, ఫ్రాన్సు సరిహద్దులోని ఫ్లాండర్స్ ప్రాంతమంతా వానలు, బురద. పండుగకు యుద్ధం ఆపండని పోప్ 15వ బెనెడిక్ట్ చేసిన విజ్ఞప్తిని ప్రభుత్వాలు పెడచెవిన పెట్టాయి. డిసెంబరు 24 రాత్రి వాన వెలిసి మంచు గడ్డకట్టాక జర్మన్ సైనికులు తమ కందకాల గట్ల మీద చిన్న క్రిస్మస్ చెట్లు నిలబెట్టి కొవ్వొత్తులు వెలిగించి పాటలు అందుకున్నారు. ఇటువైపు బ్రిటిష్ వారు తమ పాటలతో బదులిచ్చారు. యుద్ధానికి ముందు లండన్ హోటళ్లలో సర్వర్లుగా, మంగలి దుకాణాల్లో పనివారుగా బతికిన జర్మన్లు చాలామంది ఉండటం వల్ల మాట కలపడం కూడా తేలికైంది. అయితే ఇది యుద్ధరంగమంతటా జరగలేదు. అదే రోజున మరికొన్నిచోట్ల తుపాకులు పేలుతూనే ఉన్నాయి, మనుషులు చనిపోతూనే ఉన్నారు. ఈ సంగతి దాచిపెట్టి చేసే స్మారకం పండుగ కార్డులా ఉంటుందే తప్ప చరిత్రలా ఉండదు.

ఇక అసలు విషయం. చాలాచోట్ల ఇరుపక్షాల వారూ తుపాకులు వదిలి బయటికి రావడానికి ముఖ్య కారణం ఆట కాదు, శవాలు. వారాల తరబడి ఇరు కందకాల మధ్య నేలలో పడి ఉన్న తోటివారిని తెచ్చుకుని మట్టి చేయడానికి అంతవరకూ ఎవరికీ వీలు చిక్కలేదు. ఫ్రాన్సులోని ఫ్లూర్‌బే దగ్గర బ్రిటిష్ సైన్యంలోని స్కాటిష్ రెజిమెంటు గోర్డన్ హైల్యాండర్స్ ఆరవ బెటాలియన్ వారూ ఎదుటి జర్మన్లూ కలిసి గోతులు తవ్వి, ఇరుపక్షాల మృతులకు ఒకే ప్రార్థన జరిపించారు. అక్కడ 23వ కీర్తనను రెండు భాషల్లో చదివారు. ‘యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు’ అని మన ఊళ్లలో సమాధుల దగ్గర వినిపించే కీర్తన అదే. ముందు రోజు వరకూ చంపినవాళ్లూ చావాల్సినవాళ్లూ ఒకే గోతి చుట్టూ టోపీలు తీసి నిలబడిన ఆ దృశ్యం కంటే పెద్ద దృశ్యం ఆ రోజు మరొకటి లేదని నా అభిప్రాయం. దానికి తగినంత చోటు ఏ స్మారకంలోనూ నాకు కనిపించలేదు.

బంతి సంగతి పూర్తిగా కల్పన అనడం లేదు. 1915 జనవరి 1న లండన్ ‘టైమ్స్’లో అచ్చయిన ఒక సైనిక వైద్యాధికారి లేఖలో జర్మనీలోని శాక్సనీకి చెందిన దళం చేతిలో బ్రిటిష్ దళం 3-2తో ఓడిందని ఉంది. అది ఆయన కళ్లారా చూసి రాసింది కాదు, విని రాసింది. కొన్నిచోట్ల సైనికులు సరదాకు బంతి తన్ని ఉంటారు. నియమాలతో, జట్లతో జరిగిన పోటీకి మాత్రం గట్టి ఆధారాలు తక్కువ. అయినా 2014 డిసెంబరులో బెల్జియంలోని ప్లూగ్‌స్టీర్ట్‌లో యూరప్ ఫుట్‌బాల్ సంఘం నిలిపిన స్మారకమూ, ఇంగ్లాండ్‌లోని జాతీయ స్మారకవనంలో ఆవిష్కరించిన శిల్పమూ ఫుట్‌బాల్ చుట్టూనే తిరిగాయి. అదే ఏడాది ఒక పెద్ద సూపర్‌మార్కెట్ సంస్థ తన పండుగ ప్రకటనకే ఈ సంధిని వాడుకుంది. పిల్లలకు చేరువ చేయడానికి బంతి పనికొస్తుందన్న వాదనలో కొంత నిజముంది, కాదనను. కాని పిల్లలకు శవాల మాట ఎందుకని మనం దాచేస్తే, ఆ సైనికులు ఏమి లెక్కచేయకుండా బయటికి వచ్చారో ఆ పిల్లలకు ఎన్నటికీ అర్థం కాదు.

మా అమ్మాయి బ్రస్సెల్స్‌లో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో నేను ప్లూగ్‌స్టీర్ట్ వెళ్లాను. సంధి గుర్తుగా 1999లో కొందరు ఔత్సాహికులు పాతిన చెక్కశిలువ మొదట్లో జనం వదిలి వెళ్లిన ఫుట్‌బాళ్లు, క్లబ్బుల మఫ్లర్లు పడి ఉన్నాయి. అక్కడికి ముప్పై కిలోమీటర్లు కూడా లేని, ఫ్రాన్సులోని నూవ్ షాపెల్‌లో, దాదాపు పదిహేను మీటర్ల స్తంభం, తామర శిఖరం, కాపలా పులులతో భారతీయ సైనికుల స్మారకం ఉంది. 1927లో ఆవిష్కరించిన దాని గోడ మీద 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు చెక్కి ఉన్నాయి. నేను వెళ్లిన పూట అక్కడ నేనూ, మా అల్లుడూ తప్ప మరో మనిషి లేడు.

ఆ సంధిలో మనవాళ్లూ ఉన్నారన్న సంగతి ఎంతమందికి తెలుసు? డిసెంబరు మూడో వారంలో ఫ్రాన్సులోని జీవాన్షీ దగ్గర జరిగిన పోరులో బాగా దెబ్బతిన్న భారత దళాలను చాలావరకు వెనక్కి పిలిచినా, 39వ గఢ్వాల్ రైఫిల్స్ సైనికులు పండుగనాటికి ఇంకా కందకాల్లోనే ఉన్నారు. క్రైస్తవం వారి మతం కాదు, క్రిస్మస్ వారి పండుగ కాదు. అయినా వారూ బయటికి వచ్చి జర్మన్లను కలిశారు, పడి ఉన్న తమవారిని వెతుక్కున్నారు. అంతకు నెల రోజుల ముందే ఆ రెజిమెంటులోని దర్వాన్ సింగ్ నేగీ, బ్రిటిష్ వారి అత్యున్నత శౌర్య పతకమైన విక్టోరియా క్రాస్ పొందేంతటి పోరాటం చేశాడు.

బ్రిటిష్ సైనికులు ఇంటికి రాసిన ఉత్తరాలను వారి కుటుంబాలు స్థానిక పత్రికలకు పంపడం వల్లనే ఈ సంధి లోకానికి ఇంత వివరంగా తెలిసింది. ఒక విధంగా అది సంపాదకులకు లేఖల పుణ్యమే. గఢ్వాలీల ఉత్తరాలకు అటువంటి దారి లేదు. భారతీయుల ఉత్తరాలను చదివి వడగట్టడానికి ప్రత్యేకంగా సెన్సార్ కార్యాలయమే పెట్టారు. అందుకే ఆ రోజు వారు ఏమనుకున్నారో మనకు ఎక్కువగా వారి ఇంగ్లీషు అధికారుల రాతల ద్వారానే తెలుస్తుంది.

పరాయి రాజు కోసం చేసిన యుద్ధంలోని ముచ్చట మనకెందుకని అడిగేవారుంటారు. నా జవాబు చిన్నది: ఆ రాజు కోరినట్టు వారు కాల్చిన రోజులన్నీ స్మారకాలకు ఎక్కాయి, కాల్చని రోజు ఎక్కలేదు.

ఆ కాల్చని రోజును పైవారు ఎలా చూశారో కూడా చెప్పాలి. శత్రువుతో స్నేహం కూడదని బ్రిటిష్ సైన్యంలోని రెండవ కోర్ అనే పెద్ద విభాగానికి అధిపతి స్మిత్-డోరియన్ 1914 డిసెంబరు 5నే హెచ్చరించారు. మరుసటి ఏడు క్రిస్మస్‌కు కాసేపు సంధికి ఒప్పుకున్నందుకు బ్రిటిష్ స్కాట్స్ గార్డ్స్ రెజిమెంటు కెప్టెన్ ఇయాన్ కోల్‌హూన్ కోర్టు మార్షల్‌ను ఎదుర్కొన్నాడు. అయినా, కాల్చుకోవడం మానిన సంగతినే స్మరించే స్మారకం నాకు తెలిసి ఒకటుంది. 1915 డిసెంబరులో ఫ్రాన్సులోని నూవిల్ సెయింట్ వాస్ట్ దగ్గర కందకాలు నీటితో నిండిపోయి ఇరుపక్షాలూ పైకి రాక తప్పనప్పుడు ఒకరినొకరు కాల్చుకోని సంగతిని, పీపాలు చేసే వృత్తిలోంచి ఫ్రెంచి సైన్యానికి వచ్చిన కార్పొరల్ లూయీ బార్తాస్ తన నోటుపుస్తకంలో రాసుకున్నాడు; ఇక్కడ ఎప్పటికైనా ఒక స్మారకం నిలుస్తుందేమోనని ఆశపడ్డాడు. సరిగ్గా వందేళ్లకు, 2015 డిసెంబరు 17న, ఫ్రాన్స్ అధ్యక్షుడు అక్కడ దాన్ని ప్రారంభించారు. 2039కి నమూనా కావాలంటే అది చాలు. దానికి తోడు, ఫ్లూర్‌బేలో చదివిన కీర్తనను ఈసారి నూవ్ షాపెల్ గోడ దగ్గర గఢ్వాలీలో కూడా చదివించాలనీ, ఆ సభకు ఆ రెజిమెంటు వారిని అతిథులుగా కాక నిర్వాహకులుగా పిలవాలనీ మన రాయబార కార్యాలయం ఇప్పటినుంచే అడగవచ్చు.

ఈ డిసెంబరులో మీరు క్రిస్మస్ సంధి మీద వ్యాసం వేసేటప్పుడు బంతి బొమ్మ బదులు ఆ నూవ్ షాపెల్ గోడ ఫొటో ప్రచురించగలరేమో పరిశీలించగోరుతాను. నేను తీసినవి నాలుగున్నాయి. కబురు చేస్తే పంపుతాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
రాజమహేంద్రవరం