గొలుసు లాగితే నీళ్లొస్తున్నాయి, అందరికీ కృతజ్ఞతలు

కాకినాడలో మా తాతయ్యగారింటి కింది బాత్రూములో గొలుసు లాగే ఫ్లష్ ట్యాంకు, వాష్ బేసిన్ మీది రెండు ఇత్తడి కుళాయిలు మళ్లీ పనిచేస్తున్నాయి. ఒక్క బొట్టు కారడం లేదు. ఫోటోలు పెట్టి "వీటికి సామాను ఎక్కడ దొరుకుతుందండీ" అని నేను అడిగినప్పుడు జవాబు చెప్పినవాళ్లకి, ఫోన్ చేసినవాళ్లకి, పని మానుకుని ఇంటికొచ్చి చూసినవాళ్లకి పేరుపేరునా దండాలు. పేర్లు రాయొద్దని ఇద్దరు ముగ్గురు గట్టిగా చెప్పారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. చదువుతుంటే ఎవరి గురించో మీకే తెలిసిపోతుంది.

కొత్తగా చదివేవాళ్ల కోసం సంగతేమిటో చెబుతాను. ట్యాంకు పోత ఇనుముది, తలకన్నా ఎత్తున గోడకి బిగించి ఉంటుంది. మూత మీద షాంక్స్, బార్‌హెడ్ అని ఉబ్బెత్తు అక్షరాలు. బార్‌హెడ్ అంటే స్కాట్లాండులో గ్లాస్గో పక్కనుండే ఊరు. ఆ కంపెనీయే 1969లో ఇంకో కంపెనీతో కలిసి ఆర్మిటేజ్ షాంక్స్ అయింది. పోర్టు దగ్గర ఏదో దొరల బంగళా పడగొడుతుంటే తాతయ్య ఈ సామాను కొని తెచ్చారని నాన్న చెబుతారు. లోపల గంట ఆకారంలో బరువైన ఇనప దిమ్మ ఒకటి ఉంటుంది. గొలుసు లాగితే అది లేస్తుంది, వదిలితే దబ్బున పడుతుంది, పడిన ఊపుకి నీళ్లు మధ్య గొట్టంలోకి పొంగి, ఇక ఆగకుండా ట్యాంకంతా ఖాళీ అయ్యేదాకా లాక్కుంటాయి. మోటారు లేదు, ప్లాస్టిక్ లేదు.

మా దాంట్లో గొలుసు మీట కూర్చునే బ్రాకెట్ విరిగింది. నీళ్లు నిండగానే ఆపాల్సిన బాల్ వాల్వులో పిస్టన్ బిగుసుకుపోయింది, దాని రాగి బంతి తేలడం మానేసింది. కుళాయిల్లో ఒకదాని స్పిండిల్, అంటే పిడితో పాటు లోపల తిరిగే కడ్డీ, రెండు ముక్కలైంది, దాని చుట్టూ నీళ్లు కారకుండా బిగించే గ్లాండ్ నట్టు పగిలింది. రెండోదానికి పైనుండే నాలుగు కొమ్ముల పిడిని ఎప్పుడో ఎవరో ఎత్తుకుపోయారు.

కాకినాడ మెయిన్ రోడ్డు నుంచి సికింద్రాబాద్ రాణిగంజ్ దాకా కాళ్లరిగేలా తిరిగాను. ఎక్కడికెళ్లినా "ఈ మోడల్ ఇప్పుడు రాదు మేడమ్, మొత్తం మార్చేయండి" అన్నదే మాట. ఒక షాపాయన ట్యాంకుని తూకానికి తీసుకుంటానని కూడా అన్నాడు. మా అత్తయ్యగారు పూర్తిగా ఆయన పక్షం. ఈ తిరుగుడు ఖర్చుతో రెండు కొత్త బాత్రూములు వచ్చేవని ఆవిడ లెక్క.

ముందుగా సామర్లకోట బాబాయిగారికి దండం. రైల్వేలో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. ఫోన్లో ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "దొరకదన్నవాళ్లలో ఒక్కడైనా థ్రెడ్డు కొలిచాడా అమ్మా?" థ్రెడ్డంటే మర చుట్లు. ఎవరూ కొలవలేదు. ఆ వారంలోనే చేతిసంచిలో మందం కొలిచే వెర్నియర్, మర చుట్లు సరిచూసే పిచ్ గేజి పెట్టుకుని బస్సెక్కి వచ్చేశారు. పైపుకి బిగించే కుళాయి తోక మీది చిలుముని బ్రష్షుతో గీకి, పళ్లున్న గేజి ఆకుల్ని ఒక్కొక్కటే ఆనించి వెలుతురుకి పట్టి చూశారు. ఒక ఆకు సందు లేకుండా కూర్చుంది. అంగుళానికి 14 చుట్లు. వెర్నియర్ పెడితే బయటి కొలత 21 మిల్లీమీటర్లకి ఒక్క వెంట్రుకవాసి తక్కువ.

"ఇది అరంగుళం బ్రిటిష్ పైపు థ్రెడ్డమ్మా. ఇవాళ నువ్వు బజార్లో కొనే కుళాయికి ఉన్నదీ ఇదే" అన్నారు.

21 మిల్లీమీటర్లు అరంగుళం ఎలా అవుతుందని నేను బుర్ర గోక్కుంటుంటే ఓపిగ్గా చెప్పారు. అరంగుళమన్నది పాతకాలపు ఇనప పైపు లోపలి రంధ్రం లెక్క, పైన కోసిన థ్రెడ్డుది కాదు. విట్‌వర్త్ అనే ఇంగ్లీషు ఇంజినీరు 1841లో మరలకి 55 డిగ్రీల కోణం ప్రతిపాదించాడు. పైపు థ్రెడ్లూ అదే కోణంలో వచ్చాయి, మన ప్లంబింగు ఇప్పటికీ ఆ దారిలోనే నడుస్తోంది. అంటే గోడలోంచి వచ్చే పైపుకీ ఈ కుళాయిలకీ మధ్య కావాల్సిన నట్లు, కనెక్షన్లు అన్నీ మా వీధి చివరి షాపులోనే ఉన్నాయి. ఆ సాయంత్రానికే నా టెన్షన్ సగం తగ్గింది.

మిగతా సగం స్పిండిల్‌ది. అది ఏ సైజుకీ దొరకదు, ఎందుకంటే కుళాయి లోపలి థ్రెడ్డు ఆ రోజుల్లో ఏ కంపెనీ ఇష్టం దానిది. పైగా విరిగిన చోట ఇత్తడి పసుపు రంగులో లేదు, ఇటుకపొడి రంగులో ఉంది. గోరుతో గీస్తే రాలుతోంది. మా బోరు నీళ్లు ఉప్పన. అలాంటి నీళ్లలో ఏళ్లతరబడి నానితే ఇత్తడిలోని జింకు కరిగిపోయి, రాగి ఒక్కటే స్పాంజిలా మిగులుతుందట. అందుకే మళ్లీ మామూలు ఇత్తడి కడ్డీతో చేయించొద్దని, గన్‌మెటల్ వాడమని బాబాయిగారు పట్టుబట్టారు. అందులో నూటికి 88 పాళ్లు రాగి, 10 తగరం, జింకు 2 మాత్రమే.

జగన్నాథపురంలో లేతు (లోహాన్ని తిప్పుతూ కోసే యంత్రం) పెట్టుకున్న అన్నయ్యకి రెండో దండం. ఆయన దగ్గరున్నది అంగుళాల లెక్కలో నడిచే పాత లేతు, కొత్త మెషీన్లున్నవాళ్లు చేయలేమన్నది అందుకే ఆయనకి సులువైంది. గేర్లు మార్చి, కోస్తూ, కుళాయి తలని బిగించి చూస్తూ, మళ్లీ కోస్తూ పూర్తి చేశారు. డబ్బు అడిగితే కడ్డీ ఖరీదు మాత్రం తీసుకున్నారు. గ్లాండ్ నట్టూ ఆయనదే. నట్టు కింద గ్రీజు పట్టించిన నూలు తాడు చుట్టి చూపించి, మూడేళ్లకోసారి ఇది మార్చుకుంటే చాలన్నారు.

పిడి సంగతికి తణుకు దగ్గర అజ్జరం వెళ్లమని ఇక్కడే నలుగురు చెప్పారు. గుడి గంటలకీ బిందెలకీ పేరున్న ఊరు, కుళాయి పిడి పోస్తారా అని అనుమానంగానే వెళ్లాను. కంచరి మేస్త్రిగారు మొదటి కుళాయికి మిగిలిన పిడిని చేతిలో తిప్పి చూసి, దీన్నే అచ్చుగా పెడితే వచ్చేది చిన్నదైపోతుందన్నారు. కరిగిన ఇత్తడి చల్లారేటప్పుడు నూటికి ఒకటిన్నర పాళ్ల దాకా కుంచించుకుపోతుంది. అందుకని అసలు పిడి మీద పల్చగా మైనం పూసి, అప్పుడు మూస తీశారు. స్పిండిల్ కొస పట్టే చదరపు రంధ్రాన్ని కావాలనే కొంచెం ఇరుకుగా వదిలారు. దాన్ని సరిచేసిన తీరు చూసి తీరాలి. స్పిండిల్ కొసకి దీపం మసి పట్టించి, పిడి తొడిగి తీసి, లోపల మసి అంటిన చోట మాత్రమే ఆకురాయితో రెండు గీతలు. మళ్లీ మసి, మళ్లీ తొడగడం. మధ్యాహ్నం భోజనం వేళకి మొదలుపెట్టింది దీపాలు పెట్టేదాకా సాగింది. ఇప్పుడు రెండు పిడుల్లో పాతదేదో మా ఇంట్లోవాళ్లే చెప్పలేకపోతున్నారు.

రాగి బంతిని బాగుచేసినాయన కళాయి వేసే మనిషి. ఈ రోజుల్లో ఇత్తడి గిన్నెలకి కళాయి వేయించేవాళ్లే తగ్గిపోయారు, ఆయన పని వెతుక్కుంటూ మా వీధికి రావడం నా అదృష్టం. బంతిని ఊపితే లోపల గలగలమంది. ఆయన దాన్ని వేడినీళ్ల బకెట్లో ముంచి పట్టుకున్నారు. లోపలి గాలి వేడెక్కి అతుకు మీద ఒక్కచోట నుంచి సన్నటి బుడగలు లేచాయి. చిల్లి అక్కడ. ముందు పైన ఇంకో చిన్న రంధ్రం పొడిచి నీళ్లు ఒంపేసి, బంతిని ఆరబెట్టి, అప్పుడు చిల్లికి మాటు వేశారు, పొడిచిన రంధ్రాన్ని ఆఖర్న మూశారు. గాలికి దారి వదలకపోతే వేడికి లోపలి ఆవిరి తగరాన్ని చిమ్మేస్తుందట. బిగుసుకున్న పిస్టన్‌ని కిరసనాయిల్లో నానబెట్టి ఊడదీసిందీ ఆయనే.

విజయవాడ ఆటోనగర్‌లో పూత వేసిన తమ్ముడికి కూడా థాంక్స్. నేను తళతళలాడే క్రోమ్ అడిగితే, నట్టు కింద మిగిలిన పాత పూత ముక్క చూపించి ఇది నికెల్ అన్నాడు. క్రోమ్ పూత బజారులోకి వచ్చిందే 1920ల రెండో సగంలో, ఈ కుళాయిలు అంతకు ముందువై ఉండొచ్చు. నికెల్‌లో కాస్త పసుపు ఛాయ ఉంటుంది, పాత బేసిన్ మీద అదే నప్పింది. కుళాయిల మీది అక్షరాలు అరిగిపోతాయని, మెరుగుపెట్టే బఫింగు యంత్రాన్ని వాటి మీదకి పోనివ్వకుండా గుడ్డతోనే తుడిచాడు.

ఇనప బ్రాకెట్ మాత్రం పుట్టిన చోటి నుంచే వచ్చింది. గ్లాస్గోలో ఉంటున్న మన రాజమండ్రి అబ్బాయి నేను కాగితం మీద గీసి పంపిన ఆకారం పట్టుకుని, పాత ఇళ్ల సామాను అమ్మే యార్డుల్లో ఆదివారాలు వెతికాడు. బోల్టు రంధ్రాల మధ్య దూరం సరిపోయేదాకా ఒప్పుకోలేదు. గొలుసు చివర వేలాడే పింగాణీ పిడి కూడా దొరికితే కొనేశాడు. వాళ్లమ్మగారు వెళ్లేటప్పుడు ఆవకాయ తీసుకెళ్లిన సూట్‌కేసులోనే, వచ్చేటప్పుడు ఈ బరువు మోసుకొచ్చారు. అమ్మా, మీ నడుం నొప్పికి నేనే కారణమేమో, క్షమించండి.

తమిళనాడులోని కారైకుడి పాత సామాను బజారు గురించి, హైదరాబాద్ జుమేరాత్ బజార్ గురించి చెప్పినవాళ్లూ ఉన్నారు. ఈసారి అక్కడిదాకా పోవాల్సిన అవసరం రాలేదు, కానీ మేడ మీది బాత్‌టబ్ పని మొదలుపెడితే తప్పదు. దాని కుళాయిలు ముప్పావు అంగుళానివి. ఇంకో మాట, ఈ పాత ఇత్తడిలో సీసం కలిసే ఉంటుంది కాబట్టి ఆ బేసిన్ నీళ్లు చేతులు కడుక్కోవడానికే, తాగడానికి కాదని పిల్లలకి చెప్పాం.

అజ్జరం మేస్త్రిగారు ఒక పిడి అదనంగా పోసిచ్చారు, లేతు అన్నయ్య దగ్గర రెండడుగుల గన్‌మెటల్ కడ్డీ మిగిలింది. ఇలాంటి కుళాయి ఎవరింట్లోనైనా ఉంటే పిడి కింది చదరపు రంధ్రం కొలత, స్పిండిల్‌కి అంగుళానికి ఎన్ని చుట్లో చూసి నాకు రాయండి. సరిపోతే పిడి మీదే, డబ్బులక్కర్లేదు. కొలవడం రాకపోతే ఫోటో పంపండి, బాబాయిగారు వచ్చే ఆదివారం మా ఇంటికే భోజనానికి వస్తున్నారు, ఆయనకి చూపిస్తాను.