వాంగ్మూలం సాక్షి మాటల్లోనే రాయించండి: హోంమంత్రి గారికి తిరుపతి, చిత్తూరు న్యాయవాదుల బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర హోంశాఖ మంత్రి గారికి,

తిరుపతి, చిత్తూరు కోర్టుల్లో క్రిమినల్ కేసులు నడిపే న్యాయవాదులం ఈ లేఖ రాస్తున్నాం. మాలో ప్రాసిక్యూషన్ తరఫున పనిచేసినవాళ్లున్నారు, ముద్దాయిల తరఫున ఎదుటి సాక్షిని ప్రశ్నించే (క్రాస్ చేసే) వాళ్లూ ఉన్నారు. కోర్టు హాల్లో ఎదురెదురుగా నిలబడే మేమంతా ఒక విషయంలో ఒకే మాట మీద ఉన్నాం. సాక్షి బోనెక్కాక బయటపడే తప్పుల్లో ఎక్కువ భాగం స్టేషన్‌లో వాంగ్మూలం రాసుకున్న రోజే పుడుతున్నాయి. వాటిని సరిదిద్దడానికి పార్లమెంటు దాకా పోనక్కర్లేదు. చాలామటుకు మీ శాఖ ఉత్తర్వుతో అయ్యే పని.

2024 జూలై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, సాక్ష్య చట్టాల స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, భారతీయ సాక్ష్య అధినియమ్ అమల్లో ఉన్నాయి. పోలీసులు సాక్షి మాట రాసుకునే పాత 161 స్టేట్‌మెంట్ ఇప్పుడు సంహిత 180వ సెక్షన్ కిందికి వచ్చింది. దాన్ని కోర్టులో ఎంతవరకు వాడుకోవచ్చో చెప్పే పాత 162 ఇప్పుడు 181 అయింది. పాత రాతను చూపించి సాక్షిని నిలదీసే సాక్ష్య చట్టం 145 ఇప్పుడు 148. నంబర్లు మారాయి గానీ పద్ధతి అదే. ఇకపై చట్టం పేరు లేకుండా చెప్పే సెక్షన్లు సంహితవే. పోలీసు రాసుకున్న వాంగ్మూలం మీద సాక్షి చేత సంతకం పెట్టించకూడదు. మరణ వాంగ్మూలం లాంటి మినహాయింపులు పక్కనపెడితే, ఆ కాగితం దానంతటది సాక్ష్యం కాదు. సాక్షి కోర్టులో చెప్పినదానికీ అందులో ఉన్నదానికీ తేడా ఉంటే, ఆ తేడా చూపడానికే పనికొస్తుంది. మరి అందులో ఉన్నవి సాక్షి మాటలే కాకపోతే, క్రాస్‌లో తేలేది ఎవరి తేడా?

ఒక ఉదాహరణ చూడండి. పలమనేరు పక్క పల్లెలో కొట్లాట జరిగిందనుకుందాం. గాయపడినవాడి తమ్ముడు స్టేషన్‌లో ఇలా చెబుతాడు: "ఆయప్ప మచ్చుకత్తి ఎత్తుకోని మా అన్న మీదికొచ్చినాడు సార్, అన్న ఎడంచెయ్యి అడ్డం పెట్టినాడు, చెయ్యి తెగింది." కాగితం మీదికి ఎక్కేది ఇది: "నేను పై విలాసము నందు కాపురముంటూ వ్యవసాయము చేసుకొని జీవించుచున్నాను. ముద్దాయి చంపవలెనను ఉద్దేశ్యముతో తన వద్ద నున్న వేటకొడవలితో మా అన్నను విచక్షణారహితముగా నరికి రక్తగాయములు కలుగజేసెను." మచ్చుకత్తి వేటకొడవలి అయింది. ఎడంచెయ్యి మాయమైంది. సాక్షి అనని 'చంపవలెనను ఉద్దేశ్యము' వచ్చి చేరింది. తర్వాత అదే పేరాను పేర్లు, తండ్రి పేర్లు మార్చి మరో నలుగురికి అంటిస్తారు. పొరుగింటాయన స్టేట్‌మెంట్‌లోనూ 'మా అన్న' అనే ఉండిపోతుంది. ప్రతి సాక్షి వాంగ్మూలాన్నీ విడివిడిగా, ఉన్నదున్నట్టు నమోదు చేయాలని 180(3) స్పష్టంగా చెబుతుంటే జరుగుతున్నది ఇదీ.

ఈ కాగితం క్రాస్‌లో ఏం చేస్తుందో వివరంగా చెప్పాలి, ఎందుకంటే కేసు ఇక్కడే తేలుతుంది. సాక్షి కోర్టులో మచ్చుకత్తి అంటాడు. డిఫెన్స్ లాయరు స్టేట్‌మెంట్‌లోని ఆ ఒక్క వాక్యం చదివి వినిపించి, పోలీసులకు వేటకొడవలి అని చెప్పినావా అని అడగాలి. ఒప్పుకుంటే తేడా అక్కడికక్కడే తేలిపోయినట్టు. "నేనట్ల చెప్పలేదు" అంటే ఆ వాక్యాన్ని మాత్రమే, మొదటి మాట నుంచి చివరి మాట దాకా, ఎక్స్-డి1గా (డిఫెన్స్ తరఫు ఒకటో ఎగ్జిబిట్‌గా) మార్క్ చేయాలి. అప్పటికి అది ఇంకా రుజువు కాలేదు. దర్యాప్తు అధికారి బోనెక్కినప్పుడు, ఈ సాక్షి డి1లో ఉన్నట్టు మీకు చెప్పాడా అని అడిగి, చెప్పాడని రికార్డు చేయించాలి. ఆ ప్రశ్న వేయకుండా వదిలేస్తే డి1కి విలువ లేదు. ఎడంచెయ్యి సంగతి ఒమిషన్ కిందికి వస్తుంది. ముఖ్యమైన మాటను వదిలేస్తే అదీ వైరుధ్యమే కావచ్చని 181 వివరణ చెబుతోంది. దీని హద్దులేమిటో తహసీల్దార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 1959లోనే తేల్చింది. ఆసుపత్రి ఇచ్చిన గాయాల సర్టిఫికెట్‌లో ఎడమ ముంజేతి మీద కోతగాయం కనిపిస్తున్నా, పోలీసులకు చెప్పని మాట ఇప్పుడు కల్పించి చెబుతున్నావని డిఫెన్స్ నిలదీస్తే సాక్షి దగ్గర జవాబుండదు. అతను చెప్పాడు, రాసినాయన రాయలేదు.

నిజం చెప్పే సాక్షి ఇలా అబద్ధాలకోరుగా కనిపిస్తాడు. ఇదే పద్ధతి అమాయకుడైన ముద్దాయినీ ముంచుతుంది. సాక్షి నిజంగానే మాట మార్చినప్పుడు ఆ మార్పును పట్టుకోవడానికి డిఫెన్స్‌కు ఉన్న ఒకే ఆధారం ఆ మొదటి మాట. ఐదు స్టేట్‌మెంట్లూ ఒకే పేరాగా ఉంటే ఎవరు ఏం చూశారో, ఎవరు అసలు అక్కడ లేరో కనిపెట్టే దారే మూసుకుపోతుంది.

సాక్షి అడ్డం తిరిగినప్పుడు ప్రాసిక్యూషన్ వైపూ ఇదే తంతు. సాక్ష్య అధినియమ్ 157వ సెక్షన్ కింద కోర్టు అనుమతి తీసుకుని ప్రాసిక్యూటర్ తమ సాక్షినే క్రాస్ చేస్తారు. చాలా కేసుల్లో అది ఒక్క వాక్యంతో ముగుస్తుంది: "నేను ఎక్స్-పి3లో ఉన్నట్లు పోలీసులకు చెప్పి, ఇప్పుడు ముద్దాయితో రాజీపడి అబద్ధం చెబుతున్నాను అనుట వాస్తవం కాదు." మొత్తం స్టేట్‌మెంట్‌ను ప్రాసిక్యూషన్ ఎగ్జిబిట్ పి3గా మార్క్ చేసి కూర్చుంటారు. అలా గంపగుత్తగా మార్క్ చేయకూడదని 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆమోదించిన నమూనా నిబంధనలు చెబుతున్నాయి. సాక్షి హోస్టైల్ అయినంత మాత్రాన (అడ్డం తిరిగినంత మాత్రాన) అతని సాక్ష్యమంతా చెరిగిపోదని సత్‌పాల్ కేసులో సుప్రీంకోర్టు 1975లోనే చెప్పింది. సంఘటన చోటు, సమయం, ముద్దాయి అక్కడ ఉన్నాడా లేడా, గాయపడినవాడిని ఎవరు ఆసుపత్రికి తీసుకుపోయారు, ఇలా ఒక్కో ముక్క విడిగా అడిగితే నిలబడేది చాలా ఉంటుంది.

అందుకే మా మొదటి కోరిక. వాంగ్మూలాన్ని సాక్షి మాటల్లో, అతని యాసలో, ఉత్తమ పురుషలో రాయాలని, మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం, రాసిన చోటు వేయాలని డీజీపీ గారి ద్వారా స్టాండింగ్ ఆర్డర్ ఇప్పించండి. సెక్షన్‌కు సరిపోయే పదాలు దర్యాప్తు అధికారి ఛార్జిషీటులో రాసుకోవచ్చు, సాక్షి నోట పెట్టకూడదు. సాక్షి చేత సంతకం పెట్టించాలని మేం అడగడం లేదు. ఆ నిషేధం పౌరుడి రక్షణకే ఉంది, అలాగే ఉండాలి.

రెండోది వీడియో. సోదా, స్వాధీనం జరిగినప్పుడు ఆడియో-వీడియో తప్పనిసరి అని 105వ సెక్షన్ చెబుతుంటే, వాంగ్మూలానికి మాత్రం 180 దాన్ని దర్యాప్తు అధికారి ఇష్టానికి వదిలింది. జప్తు వీడియో తీసే ఫోనుతోనే వాంగ్మూలమూ తీయవచ్చు. కనీసం సెషన్స్ కోర్టు విచారించే తీవ్రమైన కేసుల్లో కళ్లారా చూసిన సాక్షుల విషయంలో దీన్ని తప్పనిసరి చేయండి. ఒక్క జాగ్రత్త. సాక్ష్య అధినియమ్ 63(4) కింద సర్టిఫికెట్ రెండు భాగాల్లోనూ పూర్తిచేసి, హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే డిజిటల్ గుర్తు) అప్పుడే నమోదు చేయకపోతే ఆ వీడియో కోర్టులో మార్క్ కావడమే కష్టం. తీసినరోజే ఈ పని జరగాలి. ఛార్జిషీటు వేసేనాటికి ఫోను మారిపోయి ఉంటుంది, ఆ అధికారి బదిలీ అయిపోయి ఉంటారు.

బదిలీ అన్నాం కాబట్టి ఇంకో మాట. 336వ సెక్షన్ ప్రకారం బదిలీ అయిన, రిటైరైన అధికారి బదులు ఆ స్థానంలోకి వచ్చినాయన పత్రాల గురించి సాక్ష్యం చెప్పవచ్చు. కానీ వచ్చినాయన ఆ సాక్షిని చూసిందీ లేదు, అతని మాట విన్నదీ లేదు. డి1లో ఉన్నట్టు సాక్షి చెప్పాడా అంటే ఆయన ఏం చెప్పగలడు? వైరుధ్యాలు మార్క్ అయిన కేసుల్లో వాంగ్మూలం రాసిన అధికారినే, 254వ సెక్షన్ వీలు కల్పించినట్టు, వీడియోలో హాజరుపరచాలని జిల్లా ఎస్పీలకు చెప్పండి.

ఇప్పుడు మా ప్రాంతానికే ప్రత్యేకమైన ఇబ్బంది. తమిళనాడు, కర్ణాటక సరిహద్దులు పక్కనే. శేషాచలం ఎర్రచందనం కేసుల్లో పట్టుబడేవాళ్లలో చాలామంది తమిళం తప్ప తెలియని కూలీలు. అతను తమిళంలో చెబుతాడు, ఎవరో తెలుగులోకి మారుస్తారు, మధ్యవర్తుల నివేదిక (పట్టుబడిన చోట మధ్యవర్తుల ముందు రాసే పంచనామా) తెలుగులో తయారవుతుంది. మార్చినాయన పేరు ఎక్కడా ఉండదు, సాక్షుల జాబితాలోనూ ఉండడు. క్రాస్‌లో "మీకు తమిళం వచ్చునా?" అని మధ్యవర్తిని అడిగితే "రాదు" అంటాడు. నివేదిక నిలిచే అవకాశం ఆ ఒక్క జవాబుతో సగం పోతుంది. నిజంగా ఏం చెప్పాడో తెలుసుకునే హక్కు ఆ కూలీకీ ఉంది. అనువదించినవారి పేరు రాసి, వారిని సాక్షిగా చూపాలి. మాటను ముందు తమిళంలో రికార్డు చేసి ఆ తర్వాతే తెలుగు చేయాలి. మహారాష్ట్ర, కర్ణాటక నుంచి వచ్చే యాత్రికుల విషయమూ ఇంతే.

యాత్రికులది ఇంకో బాధ కూడా. బస్టాండులో బ్యాగు పోయిందని, రద్దీలో గొలుసు తెంపారని ఫిర్యాదు ఇచ్చి ఊరెళ్లిపోయినవాళ్లు రెండేళ్ల తర్వాత సమన్లు అందితే రారు. ఫిర్యాదుదారు రాకపోతే కేసు కొట్టేస్తారు, దొంగ మళ్లీ అదే బస్టాండుకొస్తాడు. రెండేళ్లకు మించి శిక్ష పడగల వారంట్ కేసుల్లో రాష్ట్ర ప్రభుత్వం నోటిఫై చేసిన చోటు నుంచి వీడియోలో సాక్ష్యం తీసుకోవచ్చని 265వ సెక్షన్ చెబుతోంది. ఆ చోట్ల జాబితా వేసేటప్పుడు పొరుగు రాష్ట్రాలతో మాట్లాడి, అక్కడి కోర్టు కాంప్లెక్సుల్లోనూ ఏర్పాటు చేయించండి. గదిలో సాక్షి పక్కన పోలీసు ఉండకూడదు, కోర్టు ఉద్యోగి ఉండాలి. క్రాస్‌లో చూపించాల్సిన కాగితం స్కాన్ కాపీ ముందే అక్కడ సీల్ చేసి ఉండాలి. గొలుసు గుర్తుపట్టాలంటే కెమెరా నాణ్యత చాలాలి, లేకపోతే 'అలాంటిదే' అనే జవాబొస్తుంది, దానితో శిక్ష పడదు.

సాక్షిని సిద్ధం చేసే పని ఎవరిదన్నది మరో పెద్ద లోపం. ఇప్పుడు చాలాచోట్ల కోర్టు కానిస్టేబులే వరండాలో స్టేట్‌మెంట్ చదివి వినిపిస్తున్నారు. సాక్ష్యానికి ముందురోజు సాక్షులను స్టేషన్‌కు పిలిచి ఏం చెప్పాలో నేర్పించారని, పొరుగున తమిళనాడు హత్యకేసు ఒకదాన్ని సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్‌లో కొట్టేసి, ఆ రాష్ట్ర డీజీపీని విచారణ జరపమంది. "నిన్న స్టేషన్‌కు పోయినావా?" అనే ఒక్క ప్రశ్నకు "పోయినాను" అని జవాబొస్తే చాలు. సాక్షిని కలవాల్సింది ప్రాసిక్యూటర్, కలవాల్సింది వారి ఆఫీసులో. కోర్టు ఎలా ఉంటుంది, ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అడగమనవచ్చు, తెలియకపోతే తెలియదనవచ్చు, ఇంతవరకే చెప్పాలి. ఏం చెప్పాలో నేర్పకూడదు. దీనికి ప్రాసిక్యూటర్లకు సమయం కావాలి, ఖాళీ పోస్టులు నింపాలి.

చీఫ్ (సాక్షిని పిలిచినవాళ్లే ముందు వేసే ప్రశ్నలు) అయిన రోజే క్రాస్ జరగాలని మేమూ కోరుకుంటాం. వినోద్ కుమార్ కేసులో చీఫ్‌కూ క్రాస్‌కూ మధ్య 20 నెలలు పోయి సాక్షి మాట మార్చిన తీరును 2015లో సుప్రీంకోర్టు తీవ్రంగా తప్పుపట్టింది. వాయిదాలు రెండుకు మించకూడదని ఇప్పుడు 346 చెబుతోంది. కానీ డిఫెన్స్ సిద్ధంగా ఉండాలంటే కాపీలు అందాలి. 230 ప్రకారం ముద్దాయి హాజరైన 14 రోజుల్లో వాంగ్మూలాల కాపీలు ఇవ్వాలి. చదవలేని జిరాక్సులు, సగం పేజీలు ఇస్తే ఆ గడువుకు అర్థం లేదు. వీడియో ఉంటే వీడియో కూడా ఇవ్వాలి, లైంగిక నేరాల్లో బాధితురాలి గోప్యత కాపాడుతూ.

చివరగా సాక్షి భయం. మహేందర్ చావ్లా కేసులో 2018లో ఆమోదం పొందిన పథకం ప్రకారం సాక్షి రక్షణ కోసం జిల్లా జడ్జి అధ్యక్షతన కమిటీ ఉంటుంది, డీఎస్పీ స్థాయి అధికారి ముప్పు నివేదిక ఇస్తారు, అది అందిన ఐదు పనిదినాల్లో దరఖాస్తు తేల్చాలి. ప్రతి రాష్ట్రమూ సొంత పథకం నోటిఫై చేయాలని 398 చెబుతోంది. పల్లెలో సాక్షికి ఇదేమీ తెలియదు. సమన్ల వెనకవైపు తెలుగులో, సరిహద్దు మండలాల్లో తమిళంలో, కన్నడంలో కూడా, రక్షణకు ఎవరికి ఎలా దరఖాస్తు పెట్టాలో, సాక్షి బత్తా ఎక్కడ ఇస్తారో అచ్చువేయించండి. కోర్టు దగ్గర ముద్దాయి బంధువులు నిలబడే చెట్టుకిందే సాక్షీ నిలబడాల్సిన పరిస్థితి పోవాలి, వేరే గది కావాలి.

వీటన్నిటినీ ఒకేసారి రాష్ట్రమంతా చేయమని అడగం. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో నమోదయ్యే సెషన్స్ కేసులతో ఆరు నెలలు మొదలుపెట్టండి. తర్వాత ఆ కేసులు విచారణకు వచ్చినప్పుడు ఎంతమంది సాక్షులు హోస్టైల్ అయ్యారు, ఎన్ని వైరుధ్యాలు మార్క్ అయ్యాయి, వాటిలో ఎన్ని వాంగ్మూలం రాసిన తీరువల్ల వచ్చాయి అనే లెక్క తీయించి, అసెంబ్లీలో పెట్టండి. స్టాండింగ్ ఆర్డర్ ముసాయిదా తయారీకి మీ అధికారులు పిలిస్తే, ప్రాసిక్యూషన్, డిఫెన్స్ రెండు వైపులవాళ్లమూ కలిసి వస్తాం.

ఇట్లు,
తిరుపతి, చిత్తూరు కోర్టుల్లో క్రిమినల్ కేసులు చూసే న్యాయవాదులు

ప్రతి: రాష్ట్ర న్యాయశాఖ మంత్రి గారికి, డీజీపీ గారికి