ఆన్‌లైన్ చదరంగంలో గడియారం తగవులకు ముందే నియమం కావాలి

సంపాదకుల వారికి,

సెలవులు వచ్చాయంటే పిల్లలకు ఆన్‌లైన్ చదరంగ పోటీలు పెట్టడం మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మామూలైపోయింది. నిర్వాహకులు ప్రవేశ రుసుము తీసుకుంటున్నారు, నగదు బహుమతులు ప్రకటిస్తున్నారు. అయితే ఆట మధ్యలో కనెక్షన్ తెగిపోతే ఏం చేస్తారన్న ప్రశ్నకు చాలా ప్రకటనల్లో కనిపించే జవాబు ఒక్కటే: ‘ఇంటర్నెట్ బాధ్యత పూర్తిగా ఆటగాడిదే’. డబ్బు తీసుకుని నడిపే పోటీకి ఈ ఒక్క వాక్యం చాలదని, నెట్ పోయినప్పుడు ఎవరు, ఏ ఆధారంతో, ఎంత సేపట్లో తీర్పు చెబుతారో మొదటి రౌండుకు ముందే రాసి చూపించాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

హాల్లో ఆడే ఆటలో బల్ల మీద గడియారం ఒక్కటే ఉంటుంది. ఇద్దరూ దాన్నే చూస్తారు, ఎవరి ఎత్తు వేశాక వారే దాన్ని నొక్కుతారు. దానిలో లోపం స్పష్టంగా బయటపడితే తప్ప అది చూపించిన సమయమే ప్రమాణమని, లోపం ఉన్నప్పుడు దాన్ని మార్చి ఇద్దరికీ ఎంతెంత సమయం పెట్టాలో ఆర్బిటర్ (ఆట న్యాయనిర్ణేత) తన విచక్షణతో నిర్ణయించాలని అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ‘ఫిడే’ నియమావళి చెబుతోంది. ఆన్‌లైన్‌లో అసలు గడియారం ఎక్కడో ఉన్న సర్వర్‌లో, అంటే ఆటను నడిపే కేంద్ర కంప్యూటర్‌లో నడుస్తుంది. ఆటగాళ్ల తెరల మీద కనిపించేవి దాని అంచనాలు మాత్రమే. మనం పావును కదిపిన సమాచారం సర్వర్‌కు చేరేదాకా మన సమయం కరుగుతూనే ఉంటుంది. ‘నా స్క్రీన్ మీద ఇంకా రెండు సెకన్లు ఉన్నాయి సార్, అయినా టైమ్ అయిపోయిందని వచ్చేసింది’ అని పిల్లలు చెప్పే మాటను పెద్దలు సాకుగా కొట్టిపారేస్తుంటారు. సాంకేతికంగా చూస్తే అది అక్షరాలా నిజం కావచ్చు. ఒక్కో ఎత్తుకు 0.2 సెకను దారిలోనే పోయిందనుకుందాం. 60 ఎత్తుల ఆటలో అది 12 సెకన్లు. ఒక్కొక్కరికి 3 నిమిషాలే ఉండే బ్లిట్జ్ (అతివేగపు) ఆటలో ఆ పిల్లవాడికి ఇచ్చిన మొత్తం సమయంలో పదిహేనో వంతు ఆలోచించకుండానే ఖర్చయిపోయినట్టు. ఈ ఆలస్యాన్ని కొంత సర్దే ఏర్పాటు చదరంగ సర్వర్లలో 1990ల నుంచే ఉంది కానీ, దాన్ని అడ్డం పెట్టుకుని ఎవరూ మోసం చేయకుండా దానికి పరిమితి పెడతారు. కాబట్టి నాసిరకం కనెక్షన్ ఉన్నవారికి నష్టం పూర్తిగా పూడదు.

ఇది పిల్లల పోటీలకే పరిమితమైన సమస్య కాదు. 2020లో కరోనా కారణంగా ఫిడే తొలిసారి దేశాల జట్లు తలపడే ఒలింపియాడ్‌ను ఆన్‌లైన్‌లో నడిపింది. ఒక్కొక్కరికి 15 నిమిషాలు, ఎత్తు ఎత్తుకూ 5 సెకన్ల అదనం. విదిత్ గుజరాతీ నాయకత్వంలోని మన జట్టులో విశ్వనాథన్ ఆనంద్‌తో పాటు మన తెలుగువారు కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక, పెంటేల హరికృష్ణ ఉన్నారు. సెమీఫైనల్లో పోలండ్‌తో సమమయ్యాక విజేతను తేల్చే టైబ్రేక్ ఆటను హంపి గెలవడం వల్లే మనం ఫైనల్ చేరాం. ఆగస్టు 30న రష్యాతో జరిగిన ఫైనల్లో తొలి మ్యాచ్ 3–3తో సమమైంది. రెండో మ్యాచ్ నడుస్తుండగా ప్రపంచవ్యాప్తంగా ఇంటర్నెట్‌కు పెద్ద అంతరాయం కలిగింది. మన ఆటగాళ్లు నిహాల్ సరీన్, దివ్యా దేశ్‌ముఖ్‌లకు సర్వర్‌తో సంబంధం తెగిపోయి, సమయం అయిపోయి ఇద్దరూ ఓడిపోయారు. మొదట రష్యాయే విజేత అన్నారు. మనవాళ్లు అప్పీలు చేశాక, ఫిడే అధ్యక్షుడు అర్కాదీ ద్వోర్కోవిచ్ రెండు జట్లకూ స్వర్ణం ఇవ్వాలని నిర్ణయించారు.

ఆ నిర్ణయానికి మనమంతా సంతోషించాం, అది సరైనదేనని నేను ఇప్పటికీ నమ్ముతున్నాను. కానీ రెండు రోజుల ముందు క్వార్టర్ ఫైనల్లో జరిగిన సంగతిని మన దగ్గర ఎక్కువ మంది తలచుకోరు. అర్మేనియా ఆటగాడు హైక్ మార్తిరోస్యాన్ అదే నిహాల్ సరీన్‌తో ఆడుతుండగా కనెక్షన్ పోయి ఓడిపోయాడు. తమ వైపు ఇంటర్నెట్ బాగానే ఉందని, లోపం తమది కాదని అర్మేనియా అప్పీలు చేస్తే దాన్ని తోసిపుచ్చారు. వారు నిరసనగా రెండో మ్యాచ్ ఆడకుండా తప్పుకున్నారు, మనం ముందుకు వెళ్లాం. ఒకే పోటీలో, ఒకే వారంలో, రెండు సార్లూ తీర్పు మనకు కలిసివచ్చింది. రెండు సందర్భాలూ ఒకటే అని నేను అనను. ప్రపంచమంతా చూసిన అంతరాయానికీ, ఒక్కడి తెర ఆగిపోవడానికీ తేడా ఉంది. అయితే ఆ తేడాను ఏ ఆధారంతో కొలుస్తారో ముందే అందరికీ తెలిసి ఉంటే, ఓడినవారు కూడా తీర్పును తలవంచి ఒప్పుకునేవారు. అర్మేనియన్ల బాధ మనకు అర్థం కావాలంటే, ఫైనల్లో మన అప్పీలును కూడా అలాగే తోసిపుచ్చి ఉంటే మన పత్రికలు ఏమి రాసేవో ఊహించుకుంటే చాలు.

నిర్వాహకుల ఇబ్బంది కూడా చిన్నది కాదు. కనెక్షన్ పోయిన ప్రతివారికీ సమయం తిరిగి ఇస్తామంటే, ఓడిపోయే స్థితిలో ఉన్నవారు రౌటర్ ఆపేసే ప్రమాదం ఉంది. ఆటగాడిని గమనించే కెమెరా కూడా ఆగిన ఆ కాసేపట్లో పక్కనున్న ఫోన్‌లో ఉత్తమ ఎత్తు చెప్పే చదరంగ ఇంజిన్‌ను (ప్రోగ్రామ్‌ను) అడిగితే పట్టుకునేవారు ఉండరు. తీగ తానే తెగిందా, ఎవరైనా తీశారా అన్నది సర్వర్‌కు తెలియదు కూడా. కానీ సర్వర్‌కు తెలిసిన విషయాలూ ఉన్నాయి. ఆటగాడి నుంచి చివరి సమాచారం ఏ క్షణంలో వచ్చింది, అతను తిరిగి ఎప్పుడు చేరాడు, అదే నిమిషంలో ఇంకెంతమంది తెగిపోయారు అన్నవి సర్వర్ తానే రాసుకునే లాగ్‌లో నమోదవుతాయి. ఒక్కరే పోతే అది ఇంటి సమస్య కావచ్చు. ఒకే క్షణాన ఇరవై మంది పోతే అది పిల్లల తప్పు కానే కాదు. ఈ లాగ్ చూడకుండా ‘బాధ్యత ఆటగాడిదే’ అనడం తీర్పు అనిపించుకోదు.

నా దగ్గర నేర్చుకునే ఒక అమ్మాయి ఇటీవల ఒక ఆన్‌లైన్ పోటీలో రెండు బంట్ల ఆధిక్యంతో ఆడుతుండగా ఊళ్లో కరెంటు పోయింది. తండ్రి ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి తిరిగి చేరేసరికి ఆట ముగిసిపోయింది. నియమం ప్రకారం ఆమె ఓడిందంటే నాకు అభ్యంతరం లేదు. అప్పీలు ఎవరికి చేయాలని అడిగితే వాట్సాప్ గ్రూపులో జవాబు చెప్పేవారే లేకపోవడం, అదే పోటీలో మరొకరికి మాత్రం ఆట మళ్లీ పెట్టడం నన్ను బాధించింది. ఇన్వర్టరూ ఫైబర్ కనెక్షనూ ఉన్న నగరపు ఇంటికీ, మొబైల్ డేటా మీద ఆడే పల్లెటూరి ఇంటికీ మధ్య ఇది చదరంగంతో సంబంధం లేని పందెంగా మారుతోంది. 2020లోనే ఒక ఆన్‌లైన్ టోర్నీలో చైనా ఆటగాడు డింగ్ లిరెన్ కనెక్షన్ పోయి ఓడితే, అతని ప్రత్యర్థి, అప్పటి ప్రపంచ ఛాంపియన్ మాగ్నస్ కార్ల్‌సన్ తర్వాతి ఆటలో కావాలని రాణిని వదిలేసి, వెంటనే ఓటమి ఒప్పుకుని లెక్క సరిచేశాడు. అంతటి పెద్దమనసును పదేళ్ల పిల్లల నుంచి, ముఖ్యంగా వారి తల్లిదండ్రుల నుంచి ఆశించి పోటీలు నడపలేం.

అందుకే రాష్ట్ర, జిల్లా చదరంగ సంఘాలకు నా విజ్ఞప్తి. తమ గుర్తింపుతో జరిగే ఏ ఆన్‌లైన్ పోటీ ప్రకటనలోనైనా డిస్‌కనెక్షన్ నియమాన్ని తెలుగులో, పిల్లలకు అర్థమయ్యేలా అచ్చువేయించాలి. అప్పీలు వినే ఆర్బిటర్ పేరు, ఫోన్ నంబరు అందులో ఉండాలి. సర్వర్ వైపు లోపం అని లాగ్‌లో తేలితే, ఆగిన స్థితి నుంచే, మిగిలిన సమయంతోనే ఆట కొనసాగించాలి. అదనపు సెకన్లు లేని బ్లిట్జ్‌ను బహుమతి పోటీలకు వాడకూడదు. ఎత్తుకు 5 సెకన్లు కలిపితే ఆలస్యం తాలూకు దెబ్బ చాలావరకు తగ్గుతుంది. ఇక చివరి రౌండ్లను మండల కేంద్రంలోని ఏదో ఒక పాఠశాల కంప్యూటర్ గదిలో, ఆర్బిటర్ ఎదుటే ఆడించవచ్చు. ఆటగాళ్లు ఆర్బిటర్ సమక్షంలో కూర్చుని ఆన్‌లైన్‌లో ఆడే హైబ్రిడ్ పద్ధతిని ఫిడే ఇప్పటికే గుర్తించింది. దానికయ్యే ఖర్చు ప్రవేశ రుసుములోంచి తీయవచ్చు, అవసరమైతే మొదటి బహుమతిని కొంత తగ్గించినా తల్లిదండ్రులెవరూ కాదనరు.

ఇట్లు,
ఒక చదరంగ శిక్షకుడు,
తెనాలి