ఎలుకకు మందు ఎంత, ఎలా ఇచ్చారో రాయరా?

సంపాదకుడు గారికి,

నమస్కారం. కిందటి వారం మీ ఆరోగ్యం పేజీలో డిప్రెషన్ మాత్రలతో మెదడు మారిపోతుందని పెద్ద అక్షరాలతో వేశారు. అది ఎలుకల మీద చేసిన ప్రయోగమని తెలియాలంటే చివరి పేరా దాకా చదవాలి. మోతాదు ఎంత, సూదితో ఇచ్చారా, నీళ్లలో కలిపారా, ఎన్నాళ్లు ఇచ్చారు, ఒక్క ముక్క లేదు. ఫార్మకాలజీ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, ఊరుకోలేక రాస్తున్నాను.

డిప్రెషన్‌కు వాడే ఫ్లూక్సెటిన్ అనే మందునే చూడండి, పెద్దవాళ్లకు సాధారణంగా రోజుకు 20 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. 60 కిలోల మనిషికి అది కిలోకు మిల్లీగ్రాములో మూడో వంతు. ఎలుకలకు ప్రయోగాల్లో కిలోకు 10 నుంచి 20 మిల్లీగ్రాములు ఇవ్వడం మామూలే. మన ఒంట్లో రోజుల తరబడి ఉండే ఆ మందును ఎలుక ఒళ్లు గంటల్లో ఖర్చు చేసేస్తుంది మరి. ఇదేమీ చెప్పకుండా దాని మెదడులో కనబడింది మన మెదడుకు అంటగడితే ఎలా?

ఇచ్చే పద్ధతి ఇంకా ముఖ్యం. ఎలుకను మెడ వెనక తోలు పట్టి ఎత్తి, కొసన గుండ్రటి పూస ఉన్న స్టీలు గొట్టాన్ని నోట్లోంచి పొట్టలోకి దించుతారు. పట్టుకున్నది కొత్త చెయ్యి అయితే అది గింజుకుంటుంది, మూత్రం పోసేస్తుంది. వారాల తరబడి రోజూ ఇదే అయితే ఆ బెదురుకే ఒంట్లో కార్టికోస్టిరోన్ అనే ఒత్తిడి హార్మోను పెరగొచ్చు. ఒత్తిడి ఎక్కువ కాలం ఉంటే జ్ఞాపకాలకు సంబంధించిన హిప్పోకాంపస్ అనే మెదడు భాగంలో కొత్త కణాలు పుట్టడం తగ్గుతుంది. డిప్రెషన్ మందులు వాటిని పెంచుతాయని 2000లో ఎలుకల్లోనే చూపించారు. అంటే మందు ఒకవైపు లాగుతుంటే ఇచ్చే తీరు ఇంకోవైపు లాగుతుంది. అందుకే మందు లేని ద్రావణాన్ని అలాగే పట్టించిన ఎలుకలతో పోల్చి చూడాలి. సీసా నీళ్లలో కలిపితే ఈ బాధ లేదు గానీ ఏది ఎంత తాగిందో కచ్చితంగా తేలదు. వీపు చర్మం కింద చిన్న పంపు పెడితే మందు సమంగా అందుతుంది, దానికి ఆపరేషన్ చెయ్యాలి.

మీ వార్త చూసి మా వీధిలో ఒక తల్లి కొడుకు మాత్రలు ఆపేయించింది. ఇలాంటి మందులు చాలావాటిని హఠాత్తుగా ఆపితే తల తిరుగుతుంది, నిద్ర పట్టదు, ఒంట్లో కరెంటు కొట్టినట్టుంటుంది. జబ్బు తిరగబెట్టే ప్రమాదం కూడా ఉంది. డాక్టర్ని అడిగి మెల్లగా తగ్గించుకోవాలని వార్త కింద రెండు వాక్యాలు వెయ్యడానికి చోటు లేకపోయిందా? పక్కనే సగం పేజీ ప్లాట్ల ప్రకటన ఉంది కదా!

అధికారులకైనా పట్టిందా అంటే అదీ లేదు. డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడని ఈ మాత్రలు మా వైపు పాత స్ట్రిప్పు చూపిస్తే చాలు, ఇచ్చేస్తున్నారు. ప్రతి జిల్లాలో మానసిక వైద్యం అందాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. రాజాం, చీపురుపల్లి వైపు నుంచి జనం ఇప్పటికీ విశాఖ బస్సెక్కుతూనే ఉన్నారు. మనసు బాగోలేనివాళ్లతో ఉచితంగా మాట్లాడే ప్రభుత్వ టెలిమానస్ ఫోన్ నంబరు 14416 మా బస్టాండులో ఒక్క గోడ మీదా నాకు కనబడలేదు.

ఆ ప్రయోగంలో మోతాదు ఎంతో, ఎలా ఇచ్చారో కనుక్కుని అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో వెయ్యండి. మాత్రలు సొంతంగా ఆపొద్దని, కింద 14416 నంబరు కూడా వెయ్యండి. వచ్చే వారం దాకా ఆగొద్దు.

— రిటైర్డ్ ఫార్మసీ అధ్యాపకుడు, బొబ్బిలి, విజయనగరం జిల్లా